కెరీర్ గైడెన్స్ గ్రాంటు అడుగుతున్నారా? సమస్యను ఇలా రాయండి

కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే డబ్బు (సీఎస్‌ఆర్) కోసం రాసే దరఖాస్తులో ‘ప్రాబ్లం స్టేట్‌మెంట్’, అంటే సమస్యను వివరించే గడి దగ్గరికి వచ్చేసరికి మనకి ఉపన్యాసం పూనుతుంది. ‘నేటి పోటీ ప్రపంచంలో గ్రామీణ విద్యార్థులు సరైన దిశానిర్దేశం లేక...’ అని మొదలుపెట్టి మూడు పేజీలు నింపేస్తాం. నా మొదటి దరఖాస్తు అలాంటిదే. తిరిగొచ్చింది. ఫోన్ చేసి అడిగితే, ఆ కంపెనీలో ఆ పని చూసే ఆవిడ ఓపిగ్గానే చెప్పింది. మీ దగ్గర ప్రొజెక్టరు లేదని అర్థమైందట, కౌన్సెలర్‌కి జీతం కావాలనీ అర్థమైందట, ఆ పిల్లలకి ఏం నష్టం జరుగుతోందో మాత్రం ఎక్కడా కనబడలేదట. ఆ రోజు కోపమొచ్చింది. ఇప్పుడు ఇతరుల దరఖాస్తులు చూసిపెడుతుంటే ఆవిడ మాటే నేనూ అంటున్నాను.

ప్రభుత్వ హైస్కూళ్లలోనో జూనియర్ కాలేజీల్లోనో పిల్లలకి ‘తర్వాత ఏం చదవాలి, ఏ పని నేర్చుకోవాలి’ అని చెప్పే ప్రాజెక్టు కోసం డబ్బు అడుగుతున్న చిన్న సంస్థలని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. సంస్థ రిజిస్ట్రేషన్, పన్ను మినహాయింపు, సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవడానికి నమోదు వంటి కాగితాల సంగతి మీ ఆడిటరు చూసుకుంటారు. సమస్యను రాయడం మాత్రం ఆడిటరు వల్ల కాదు, మీరే రాయాలి.

1. పిల్లలు ఏ వారంలో నష్టపోతున్నారో కనుక్కోండి

కంప్యూటర్ తెరవకముందు ఒక తెల్లకాగితం తీసుకుని ఫిబ్రవరి నుంచి జులై దాకా వారాలు గీయండి. పదో తరగతి పరీక్షలు ఎప్పుడు, ఫలితాలు ఎప్పుడు, పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) దరఖాస్తుకి ఆఖరి రోజు ఎప్పుడు, గురుకుల జూనియర్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎప్పుడు, ఐటీఐ అడ్మిషన్లు ఎప్పుడు, అన్నీ పోయినేడాది తేదీలతో వేయండి. వేశాక ఒకసారి దూరంగా పెట్టి చూడండి.

పాలిసెట్ గడువు చాలా ఏళ్లుగా పదో తరగతి ఫలితాలకి ముందో, ఆ చుట్టుపక్కలో ముగిసిపోతోంది. మన ఇళ్లలో మాట మాత్రం ‘ముందు రిజల్ట్స్ రానీ, తర్వాత చూద్దాం’. రిజల్ట్స్ వచ్చి, మార్కులు చూసుకుని, ఎవరో బంధువు ‘పాలిటెక్నిక్ చదివించొచ్చుగా, మూడేళ్లలో డిప్లొమా వస్తుంది, ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ సెకండియర్‌లో చేరొచ్చు’ అనేసరికి ఆ ఏటికి గడువు దాటిపోయి ఉంటుంది.

ఇంకో గీత కూడా గీయాలి. మార్చి నుంచే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఊళ్లలో తిరుగుతుంటారు. వాళ్లకి అడ్మిషన్ల టార్గెట్ ఉంటుంది. స్కూలు నుంచి పిల్లల పేర్లు సంపాదించుకుని ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, ‘ఇప్పుడు సీటు రాయించుకుంటే ఫీజు తగ్గిస్తాం’ అంటారు. తండ్రి అప్పటికప్పుడు కొంత అడ్వాన్సు ఇస్తాడు. పిల్లవాడికి ఆ గ్రూపు ఇష్టమో కాదో అడిగే సమయం ఎవరికీ ఉండదు. పీఆర్వోని తిట్టి లాభం లేదు, ఆయనది ఉద్యోగం. ఆ ఇంటికి వచ్చి ఓపిగ్గా మాట్లాడినవాడు ఆయనొక్కడే అన్నది అసలు సంగతి. మీ సమస్య చాలావరకు ఆ అరుగు మీదే దొరుకుతుంది.

కాగితం మీద ‘ఈ వారంలో ఈ సంగతి తెలియక పిల్లవాడు ఇది పోగొట్టుకుంటున్నాడు’ అని వేలు పెట్టి చూపించగలిగితే దరఖాస్తులో సగం పని అయినట్టే.

2. ‘లేదు’ అన్న మాట కొట్టేయండి

మా మండలంలో కెరీర్ కౌన్సెలర్ లేడు. స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ లేదు. తల్లిదండ్రులకి అవగాహన లేదు. ఇవన్నీ మీరు చేయబోయే పనినే తిరగేసి చెప్పిన మాటలు, అంతే. కౌన్సెలర్ లేకపోవడం సమస్య అయితే కౌన్సెలర్‌ని పెట్టగానే సమస్య తీరిపోయిందనాలి. జీతం ఇవ్వగానే ప్రాజెక్టు గెలిచినట్టా?

ప్రతి ‘లేదు’ పక్కనా ‘అయితే ఏంటి?’ అని రాసుకోండి. మా గదిలో తెల్లబోర్డు మీద ఇలా రాస్తూ పోయాం:

స్కూల్లో కెరీర్ గురించి చెప్పేవాళ్లు లేరు. అయితే ఏంటి?
పిల్లలకి ఇంటర్ ఎంపీసీ, బైపీసీ తప్ప వేరే దారి తెలియదు. అయితే ఏంటి?
లెక్కలంటే వణికే పిల్ల కూడా పక్కింటి అమ్మాయి చేరిందని ఎంపీసీలో చేరుతోంది. అయితే ఏంటి?
ఫస్టియర్‌లో ఫెయిలవుతోంది, సప్లిమెంటరీ కూడా పోతోంది, ఆపైన ఏ కోర్సులోనూ చేరకుండా ఇంట్లోనే ఉండిపోతోంది.

ఇక్కడికి వచ్చాక ‘అయితే ఏంటి’ అని ఎవరూ అడగరు. అదే మీ మొదటి వాక్యం. ల్యాబ్, కౌన్సెలర్, ప్రొజెక్టరు ఫారంలో కిందనున్న ‘పరిష్కారం’ గడికి వెళ్లిపోతాయి.

3. లెక్కలు: మీ స్కూలు లెక్క ముందు, దేశం లెక్క తర్వాత

అందరూ పైనుంచి కిందికి వస్తారు. దేశం, రాష్ట్రం, జిల్లా అంటూ పేజీ నిండిపోయి, మీ స్కూలు దగ్గరికి వచ్చేసరికి ‘మా ప్రాంతంలోనూ ఇదే పరిస్థితి’ అన్న ఒక్క ముక్కతో సరిపెడతారు. చదివేవాళ్లు ఆ దేశం లెక్కలు ఆ వారంలో అప్పటికే ఇరవై దరఖాస్తుల్లో చూసి ఉంటారు. వాళ్ల దగ్గర లేనిది మీ స్కూలు లెక్క ఒక్కటే.

దాన్ని సంపాదించడం అనుకున్నంత కష్టం కాదు. హెడ్మాస్టరు గారి అనుమతి తీసుకుని పోయినేడాది పదో తరగతి పిల్లల జాబితా, ఫోన్ నంబర్లు తీసుకోండి. అరవై మంది అనుకుంటే ఇద్దరు కూర్చుని సాయంత్రం పూట ఫోన్లు చేస్తే నాలుగైదు రోజుల పని. పగలు చేయొద్దు, తల్లిదండ్రులు పనిలో ఉంటారు, ఫోను ఎత్తినా సగం సగం చెబుతారు. ఇవి అడిగితే చాలు: ఇప్పుడు ఎక్కడ చదువుతున్నారు, ఏ గ్రూపు, ఆ గ్రూపు ఎవరు చెబితే తీసుకున్నారు, పాలిసెట్ గురించి ఎప్పుడు విన్నారు, చదువు ఆపేస్తే ఏ నెలలో ఆపారు. నంబరు పనిచేయని పిల్లల్ని లెక్కలోంచి తీసేయకండి. ‘ఆచూకీ తెలియనివారు’ అని వేరే గడిలో వేయండి. దొరకని పిల్లలే తరచుగా మీరు వెతకాల్సిన పిల్లలు.

నంబర్లు స్కూలు మీకు నమ్మకం మీద ఇచ్చినవి. వాటిని గానీ పిల్లల పేర్లని గానీ దరఖాస్తుకి జతచేయకూడదు. కంపెనీకి అంకెలు చాలు.

ఆ తర్వాత పైలెక్కలు ఒకటో రెండో చాలు. 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లల మీద అసర్ (ప్రథమ్ సంస్థ వెలువరించే గ్రామీణ విద్యా స్థితి నివేదిక) 2023లో చేసిన సర్వే మన పనికి దగ్గరగా ఉంటుంది. ఆ వయసువాళ్లలో 86.8 శాతం మంది ఏదో ఒక విద్యాసంస్థలో ఉన్నారు, వృత్తి శిక్షణ లాంటిది తీసుకుంటున్నవాళ్లు మాత్రం 5.6 శాతమే. ఈ రెండూ పక్కపక్కన పెడితే చాలు, వ్యాఖ్యానం అక్కర్లేదు. కానీ జాగ్రత్త. ఆ సర్వే దేశమంతటా జరగలేదు, 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో జరిగింది. ఆంధ్రప్రదేశ్ నుంచి శ్రీకాకుళం, తెలంగాణ నుంచి ఖమ్మం మాత్రమే ఉన్నాయి. శ్రీకాకుళం లెక్కని ‘ఆంధ్రప్రదేశ్ పరిస్థితి’ అని రాస్తే తెలిసినవాళ్లు అక్కడే పట్టేస్తారు.

జాతీయ విద్యా విధానం 2020లోని ‘19–24 ఏళ్ల శ్రామికుల్లో క్రమబద్ధమైన వృత్తి విద్య పొందినవాళ్లు 5 శాతం లోపు’ అన్న ముక్కని కూడా అందరూ ఎత్తి రాస్తుంటారు. అది 12వ పంచవర్ష ప్రణాళిక, అంటే 2012–17 నాటి అంచనా. వాడితే ఆ సంవత్సరాలు కూడా రాయండి.

జిల్లా లెక్కల దగ్గర మన రెండు రాష్ట్రాల్లో ఒక గొయ్యి ఉంది. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి రాష్ట్రం. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2011 నాటి ఆదిలాబాద్ అక్షరాస్యతని ఇవాళ్టి ఆదిలాబాద్‌కి అతికిస్తే తప్పు, ఎందుకంటే ఆ పాత జిల్లాలోంచి ఇప్పుడు నాలుగు జిల్లాలున్నాయి. మండలం స్థాయి లెక్క దొరికితే అదే వాడండి. స్కూలు వివరాలకి యూడైస్ ప్లస్‌లో (స్కూళ్ల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైట్) మీ స్కూలు 11 అంకెల కోడ్ కొట్టి చూడొచ్చు. అక్కడున్న సంఖ్యకీ హెడ్మాస్టరు రిజిస్టరుకీ తేడా వస్తే రిజిస్టరు సంఖ్య రాసి, ఏ తేదీ నాటిదో పక్కన పెట్టండి.

4. కారణాలు అన్నీ రాసి, మీవి కానివి పక్కన పెట్టండి

ఒక పిల్ల పది తర్వాత చదువు ఆపేసిందంటే కారణం ఒక్కటే ఉండదు. జూనియర్ కాలేజీ పద్దెనిమిది కిలోమీటర్లు, బస్సు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఇంట్లో తమ్ముడి చదువు. పెళ్లి సంబంధం. పత్తి ఏరే రోజుల్లో కూలి. వీటి మధ్యలో ‘తనకి ఏ దారులున్నాయో తెలియకపోవడం’ కూడా ఒకటి. మీ ప్రాజెక్టు కదిలించగలిగేది ఆ ఒక్కదాన్నే.

రాయడానికి ఇది చాలా ఇబ్బందిగా ఉంటుంది. మన పనితో అన్నీ మారిపోతాయని చెప్పాలనిపిస్తుంది. చెప్పకండి. ‘బస్సు లేకపోవడం, పేదరికం మా ప్రాజెక్టు పరిధిలో లేవు, సమాచారం అందక నష్టపోతున్న పిల్లల మీదే మేం పని చేస్తాం’ అని రాసిన దరఖాస్తుని నేను ఎక్కువ నమ్ముతాను. అయితే పక్కన పెట్టినవాటిని పూర్తిగా దాచేయకూడదు. ఒక్క వాక్యంలో వాటి పేరు చెప్పి వదిలేయండి, లేకపోతే క్షేత్రానికి వెళ్లనివాళ్లు రాసినట్టుంటుంది.

తల్లిదండ్రుల గురించి రాసేటప్పుడు కలం కాస్త అదుపులో పెట్టుకోవాలి. ‘నిరక్షరాస్యులైన తల్లిదండ్రులు పిల్లల చదువును పట్టించుకోరు’ అన్న వాక్యం నేను చూసిన దరఖాస్తుల్లో సగంలో ఉంది. అది అబద్ధం కూడా. అలాంటి ఒక తల్లి పుస్తెలతాడు కుదువపెట్టి మరీ కాలేజీ అడ్వాన్సు కట్టింది. పట్టించుకుంది కాబట్టే కట్టింది. నమ్మదగిన మాట చెప్పేవాళ్లు దొరక్క, దొరికిన మాట మీద డబ్బు పెట్టింది. ఇలా రాస్తే సమస్య ఆవిడది కాకుండా ఆవిడకి అందని సమాచారానిది అవుతుంది, మీ ప్రాజెక్టు చేయాల్సిందీ అక్కడే తేలుతుంది.

5. ఇప్పుడు రాయండి

చాలా ఫారాల్లో ఈ గడికి పదాల పరిమితి ఉంటుంది. 250 నుంచి 300 పదాల్లో ముగించే అలవాటు చేసుకోండి. నమూనా ఒకటి ఇస్తున్నాను. ఇందులో అంకెలన్నీ పద్ధతి చూపించడానికి నేను ఊహించి వేసినవే, మీవి మీరు వేసుకోవాలి.

ముందు, మామూలుగా వచ్చే రాత:

‘గ్రామీణ ప్రాంతాల్లో విద్యార్థులకు కెరీర్ అవకాశాలపై అవగాహన కొరవడింది. తల్లిదండ్రుల నిరక్షరాస్యత, పేదరికం కారణంగా ప్రతిభావంతులు సైతం వెనుకబడుతున్నారు. మా సంస్థ ద్వారా కౌన్సెలింగ్ కేంద్రం ఏర్పాటు చేస్తే వారి భవిష్యత్తు ఉజ్వలమవుతుంది.’

దిద్దాక:

‘మా మండలంలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో పోయినేడాది 64 మంది పది పాసయ్యారు. ఈ ఏడాది జనవరిలో వాళ్ల ఇళ్లకి ఫోన్ చేశాం. 41 మంది ఇంటర్‌లో, 9 మంది పాలిటెక్నిక్ లేదా ఐటీఐలో చేరారు. 9 మంది ఎక్కడా చేరలేదు, 5 మంది ఆచూకీ దొరకలేదు. ఇంటర్‌లో చేరిన 41 మందిలో 12 మంది మొదటి ఆరు నెలల్లోనే కాలేజీ మానేశారు. మానేసినవాళ్లలో 8 మంది గ్రూపు తమకి కుదరలేదని చెప్పారు. ఆ 8 మందిలో ఒక్కరికి కూడా పాలిసెట్ దరఖాస్తు గడువు లోపల ఆ పరీక్ష గురించి తెలియదు. గ్రూపు ఎవరు చెబితే తీసుకున్నారని అడిగితే ఎక్కువమంది చెప్పింది ఇంటికి వచ్చిన కాలేజీ ప్రతినిధి పేరో, ఊళ్లో ముందు చదివిన అబ్బాయి పేరో. బస్సు, డబ్బు ఇబ్బందుల వల్ల మానేసినవాళ్లు కూడా ఉన్నారు, ఆ సమస్యని ఈ ప్రాజెక్టు తీర్చలేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నమ్మకమైన సమాచారం ఇంటి దాకా చేరకపోవడం వల్ల నష్టపోతున్న పిల్లల కోసం ఈ దరఖాస్తు.’

రెండో దాంట్లో సంస్థ పేరు లేదు. గమనించారా? ‘ఉజ్వల’, ‘సైతం’, ‘కొరవడింది’ లాంటి మాటలు కూడా లేవు. సమస్య ఎవరిది, ఎంతమందిది, ఎప్పుడు జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది, మీరు ఏ ముక్క పట్టుకుంటున్నారు అన్నవి మాత్రం ఉన్నాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఏడాది తర్వాత ‘ఏం సాధించారు’ అని కంపెనీ అడిగితే మళ్లీ అవే ఫోన్లు చేసి, అవే గడులు నింపి చూపించొచ్చు. మొదటి రాతలో పోల్చి చూపించడానికి ఏమీ లేదు.

చాలా కంపెనీలు ఇంగ్లీషులోనే అడుగుతాయి. అయినా ముందు తెలుగులో రాసుకోమనే నా సలహా. మనం నేరుగా ఇంగ్లీషులో మొదలుపెడితే విన్నవన్నీ దొర్లుతాయి, చూసింది మాత్రం రాదు.

6. ఇచ్చేవాళ్ల వైపు నుంచి ఒకసారి చూడండి

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ కిందికి వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కి ఖర్చు పెట్టాలి. ఏ పనులకి పెట్టొచ్చో ఏడో షెడ్యూలులో ఉంటుంది. విద్య, ఉపాధికి పనికొచ్చే వృత్తి నైపుణ్యాలు అందులో ఉన్నాయి కాబట్టి మనకి ఇబ్బంది లేదు. కంపెనీ తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అదే సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఫ్యాక్టరీకి మీ మండలం ఎంత దూరమో ఒక వాక్యంలో రాయడం తప్పు కాదు. కానీ కంపెనీకి నచ్చాలని సమస్యనే మార్చేయకండి. మందుల కంపెనీ కదా అని ‘మా పిల్లలందరికీ ఫార్మా ఉద్యోగాల మీద ఆసక్తి ఉంది’ అని రాసినవాళ్లని చూశాను. క్షేత్ర పరిశీలనకి వచ్చిన మనిషి తరగతిలో చేతులెత్తమంటే ముగ్గురు ఎత్తారు.

7. పంపేముందు ఇద్దరికి చదివి వినిపించండి

మొదట హెడ్మాస్టరు గారికి. ఆయనకి రిజిస్టరు కంఠతా వచ్చు, అంకె తప్పుంటే అక్కడికక్కడే చెబుతారు. పైగా మీరు రాసింది స్కూలుని చిన్నబుచ్చేలా ఉంటే రేపు గేటు లోపలికి రానివ్వరు కూడా.

తర్వాత, మీరు ఫోన్ చేసిన ఇళ్లలో ఒకదానికి వెళ్లి తెలుగులో చదవండి. మేం అలాగే ఒకావిడ ఇంటికి వెళ్లాం. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ మొత్తం వింది. ‘మీరు రాసిందంతా నిజమే గానీ ఒకటి వదిలేశారు సార్’ అంది. కొడుకు జూన్‌లోనే ఐటీఐలో చేరతానన్నాడట. అప్పటికే ఇంటర్ కాలేజీలో ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేశారు. వెనక్కి అడిగితే మిగతా ఫీజు కూడా కట్టి తీసుకెళ్లమన్నారు. ఆ డబ్బు సర్దేసరికి ఐటీఐలో సీట్లు అయిపోయాయి.

మేం చేసిన అరవై ఫోన్లలో సర్టిఫికెట్ల సంగతి ఒక్కసారి కూడా రాలేదు, ఎందుకంటే మేం అడగలేదు. ఆ సాయంత్రమే మళ్లీ జాబితా తీసి, కాలేజీ మానేసిన పిల్లలందరికీ ఆ ఒక్క ప్రశ్న కోసం ఇంకోసారి ఫోన్లు మొదలుపెట్టాం. దరఖాస్తు మేం అనుకున్నదానికంటే నాలుగు రోజులు ఆలస్యంగా, ఆఖరి తేదీ మధ్యాహ్నం వెళ్లింది.